బొట్టు పెట్టిన పళ్లెం

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలూ, మీకు ట్రైనింగ్‌లో చూపించే వీడియో నేనూ చూశాను. తెల్లటి గది. కిటికీలోంచి పాల మీగడలాంటి వెలుతురు. నేల మీద చాప, చాప మీద ఒక బిడ్డ, బిడ్డ ముందు రంగురంగుల చెక్క బొమ్మలు. తల్లి దూరంగా కుర్చీలో కూర్చుని చిరునవ్వుతో చూస్తుంటుంది. అలాంటి ఇల్లు బొంబాయి కామాటిపురలో ఎవరికైనా కనిపిస్తే నాకు ఫోన్ చేయండి. మోకాళ్లు చేత్తో పట్టుకునైనా వచ్చి చూసిపోతాను. నాకు తెలిసిన ఇళ్లలో కుర్చీ వేస్తే చాపకు చోటుండదు. చాప పరిస్తే తల్లి బయట వరండాలోకి, అదే మా గ్యాలరీలోకి, పోవాలి. బిడ్డ ముందు బొమ్మలు పెట్టాలంటే బియ్యం డబ్బా మంచమెక్కాలి, మంచం మీద పడుకున్న తాత పక్కింటికి పోవాలి.

నేను ఇల్లిల్లూ తిరిగే బాయిని; బాయి అంటే ఇక్కడ ఆడమనిషి. మా ట్రస్టు నా ఉద్యోగానికి పెట్టిన పేరు ఎంత పొడుగంటే, గుర్తింపు కార్డు మీద అది అచ్చేశాక నా ఫొటోకి నుదుటి నుంచి ముక్కు దాకానే చోటు మిగిలింది. గల్లీలో అంత పేరు పలికే తీరిక ఎవరికుంది? "ఆటల బాయి వచ్చింది" అనేవాళ్లు. బడి వయసు రాని పిల్లలున్న ఇళ్లకు వెళ్లడం, ఇంట్లో ఉండే గిన్నెలతో, గింజలతో వాళ్లను ఎలా ఆడించవచ్చో చూపించడం, వాళ్ల పనులు వాళ్లే చేసుకునేలా పెద్దవాళ్లను కాస్త పక్కకు జరపడం, ఇదీ నా పని. ఇందులో పిల్లలతో చేసేదంతా సులువు. పెద్దవాళ్లను జరపడానికే క్రేన్ కావాలి. మా ఆయన మాత్రం, "ఆడుకుంటే జీతమిచ్చేది క్రికెట్ వాళ్లకూ, మా ఇంటావిడకూ" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు.

నేను పుట్టింది కూడా ఆ గల్లీల్లోనే. మా ముత్తాత ఊరి నుంచి వలసొచ్చి మోసిన రాళ్లు తీసేస్తే సగం బొంబాయి కూలిపోతుందని మా నాన్న అనేవాడు. మిగతా సగం తమ ముత్తాత మోశాడని పక్కింటివాళ్లు అనేవాళ్లు. ఇలా లెక్కేసుకుంటే బొంబాయి నాలుగుసార్లు కట్టినట్టు తేలేది. అందుకే ఏ ఇంట్లోకైనా చెప్పులు విడిచి నేరుగా వంటగట్టు దాకా వెళ్లే చనువు నాకుండేది. యాభై దాటాక మోకాళ్లు నాకంటే ముందే రాజీనామా ఇచ్చాయి. వాటి వెనకాలే నేనూ ఇచ్చాను. కానీ ఇచ్చేముందు జరిగిన ఒక ఇంటి సంగతి మీకు చెప్పాలి. వీడియోలో లేనిది అదొక్కటే.

ఆ ఇల్లు మా వెనక చాల్‌లో, అంటే ఒంటిగది ఇళ్ల పాత మేడలో, పై అంతస్తున, గ్యాలరీ చివర. అక్కడికి వెళ్లేవి మెట్లో, ఎవరో గోడకు ఆనించి మరిచిపోయిన నిచ్చెనో చెప్పడం కష్టం. పట్టుకోవడానికి పైనుంచి ఒక తాడు వేలాడుతుంది. తరతరాల చేతులు రాసుకుని ఆ తాడు ఎంత నునుపు తేలిందంటే, దాంట్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

ఇంట్లో తాత ఒకప్పుడు పేరున్న మేస్త్రీ. ఇప్పుడు పనికి పోడు గానీ, ఎవరింటికి వెళ్లినా ముందు గోడ వైపు ఒక కన్ను మూసి చూసి, "వంకర" అని, ఆ తర్వాతే కుశలం అడుగుతాడు. కొడుకు నవీ ముంబైలో టవర్లకు సెంట్రింగ్ పని చేస్తాడు, ఆదివారాలే ఇంటికొస్తాడు. కోడలు బట్టలు కుట్టే కార్ఖానాకు పొద్దున పోతే దీపాల వేళకు తిరిగొస్తుంది. మిగిలింది అవ్వ. అవ్వ చంకలో నాలుగేళ్ల మనవరాలు. ఆ పిల్లను అందరూ చిన్నది అనేవాళ్లు కాబట్టి మనమూ అలాగే అందాం.

చిన్నది నడవగలదు. నడవగలదని డాక్టర్ చెప్పాడు, మేము నమ్మాం. చూసినవాళ్లెవరూ లేరు. నేల అనేది ఎలా ఉంటుందో ఆ పిల్ల చంకలోంచి కిందికి చూసి తెలుసుకుంది. అవ్వే ఎత్తుకునేది, అవ్వే తినిపించేది, అవ్వే మూతి తుడిచేది. చిన్నది ఆవలిస్తే నోటికి అడ్డం పెట్టేది కూడా అవ్వ చెయ్యే. తుమ్ము వచ్చేలా ఉంటే అవ్వ ముందు తుమ్మేదని కోడలు నాతో ప్రమాణం చేసి చెప్పింది.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. అలాంటి అవ్వలు మన దగ్గర గ్యాలరీకొకరు. చిక్కేమిటంటే ఈ అవ్వకు రెండు కళ్లలో శుక్లాలు. నేను గడపలో నిలబడితే, "పాలు రేపటి సంది అర్ధ లీటరే" అనేది. ముద్ద కలిపి చిన్నదాని నోటికని బయలుదేరితే ఆ ముద్ద ఒకసారి ముక్కు దగ్గర, ఒకసారి చెవి దగ్గర దిగేది. చిన్నది మహా చురుకు. ముద్ద ఎటు పోతే నోరు అటు తీసుకెళ్లేది. గోల్‌కీపర్లు వచ్చి నేర్చుకోవలసిన విద్య. పిల్ల ఒంట్లో కండ అంతా మెడలోనే ఉండేది.

ఆపరేషన్ చేయించుకొమ్మని పెద్దాసుపత్రిలో డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. ముదిరిపోతే చేసినా చూపు వస్తుందని మాటివ్వలేనని కూడా చెప్పాడు. అయితే ఆ తర్వాత కొన్ని వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. అంటే చిన్నదాన్ని ఎత్తకూడదు. డాక్టర్ ఆ ముక్క చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇచ్చిన తేదీలన్నీ దాటిపోయాయి.

"నేను కండ్లకు పట్టి కట్టుకొని పండుకుంటే దీనికి బువ్వ ఎవలు పెడ్తరు?" అనేది అవ్వ.

"నేను పెడ్త తీయ్" అంటే తాతకు చీవాట్లు.

"నువ్వా? నీ చెయ్యి చూస్కున్నవా? గరుకు గోడ లెక్క ఉన్నది. పిల్ల మూతి గీక్కపోతది."

ఒకరోజు అవ్వ చిన్నదాన్ని చంకనేసుకుని కిందికి దిగుతూ, ఉందనుకున్న మెట్టు మీద కాలు పెట్టింది. అక్కడ మెట్టు లేదు. వెనకాలే దిగుతున్న తాత ఆమె చీర చెంగు అందిపుచ్చుకోబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం కోడలు నన్ను గ్యాలరీలో నీళ్ల డ్రమ్ము చాటుకు లాక్కెళ్లింది. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి, ఆ పూట నవ్వలేదు.

"అక్కా, ఇయ్యాల మామ లేకుంటే ఇద్దరూ పోతుండిరి. అత్తమ్మ నా మాట ఇనది. నేను కార్ఖానా ఇడిస్తే నడువది. చిన్నది దాని చేతులతోని నాల్గు మెతుకులు తింటే చాలు, అత్తమ్మ దవాఖానకు పోతది. నువ్వు ఏదన్న జెయ్యి."

నాలుగు మెతుకులు. అంతే. ఇది మనకు ఎడమచేతి పని అనుకున్నాను. పిల్లలూ, మీకు ఎప్పుడైనా అలా అనిపిస్తే వెంటనే ఇంటికెళ్లి పడుకోండి.

నాకు జోడీగా అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిని ఇచ్చారు. నన్ను 'తాయీ', అంటే మరాఠీలో అక్కా, అని పిలిచేది. మంచి పిల్ల. చప్పట్లు కొట్టడంలో ప్రత్యేక శిక్షణ పొందింది. ఎవరేం చేసినా చప్పట్లు కొట్టేది. ఒకసారి కూరగాయల బండివాడు చిల్లర సరిగ్గా ఇచ్చాడని కొట్టింది. మేమిద్దరం ఆఫీసు నుంచి పెద్ద బొమ్మల పెట్టె మోసుకుంటూ ఆ నిచ్చెన ఎక్కాం. పైకి చేరేసరికి నాకు పక్క గల్లీ, దాని పక్క గల్లీ, దూరాన సముద్రం, అందులో మా పూర్వీకులు అందరూ కనిపించారు.

పెట్టెలో చెక్క దిమ్మెలు, గూళ్లలో దూర్చే గుండ్రాలూ చదరాలూ ఉన్నాయి. ఊపిరి అందగానే నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. మేస్త్రీ ఇల్లు కదా అని, వాళ్లకు తగ్గట్టుగా చెప్పాలనుకున్నాను.

"తాతా, నీకు తాపీ ఎట్లనో దీనికి ఇవి అట్ల. ఆటసామాను అంటే పిల్లల పనిముట్లు."

తాత ముఖం వెలిగింది. ఒక దిమ్మె తీసుకుని, కన్ను మూసి అంచు చూశాడు. గోడకున్న మేకు నుంచి తన ఇనుప గుండు తీసి దారానికి వేలాడదీసి, నిలువు చూశాడు. మా ట్రస్టు కొన్న సామానును ఎవరైనా అంత శ్రద్ధగా పరీక్షించడం అదే మొదలు, అదే ఆఖరు.

"కోణం మంచిగున్నది" అన్నాడు. మా జోడీ చప్పట్లు కొట్టింది.

తర్వాతి వారం వెళ్లేసరికి బొమ్మలు కనపడలేదు. చిన్నది అవ్వ చంకలో, అవ్వ గడపలో. "పాలు చాల్తయి" అంది నాతో. నేను గొంతు విప్పాక నాలుక్కరుచుకుని లోపలికి పిలిచింది.

బొమ్మలు దేవుడి అరలో ఉన్నాయి. వరసగా, ఎత్తు ప్రకారం. పక్కన తాత తాపీ, రసమట్టం, సుత్తి. అన్నింటికీ కుంకుమ బొట్టు. గుండ్రటి దిమ్మెకు రెండు బొట్లు, అది ఎటు దొర్లినా కనపడేలా.

"ఇదేంది తాతా?"

"నువ్వే అంటివి గద, పనిముట్లని."

మేస్త్రీల ఇళ్లలో పెరగనివాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. అక్కడ పనిముట్టంటే ఇనుపముక్క కాదు, ఇంటి మనిషి. బొట్టు పెట్టిన పనిముట్టును దాని మనిషి తప్ప వేరే చెయ్యి ముట్టరాదు. పని రానివాడి చేతికి పనిముట్టు ఇవ్వరాదు. ఈ రెండూ అవ్వ నడిపే చట్టాలు. తాత కొంచెం మెతక, అవ్వ మాత్రం హైకోర్టు. ఒకసారి పక్కింటాయన మోరీ గీకడానికి తాత తాపీ అడక్కుండా తీసుకెళ్తే, అవ్వ తిట్టిన తిట్లకు గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో లోకల్ రైలు సిగ్నల్ లేకుండా ఆగిపోయిందని చెప్పుకుంటారు. ఆ బండిలో ఉన్నవాళ్లు నాకు స్వయంగా తెలుసు.

"మరి చిన్నదానికి ఎప్పుడిస్తరు?" అన్నాను.

"పని నేర్వంగనే ఇస్తం" అన్నాడు తాత.

"అవి ఇస్తెనే గద నేర్చేది!"

"గది కూడ నిజమే" అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకున్నాడు.

సరే, బొమ్మలు పోతే పోయాయి, ఇంట్లో సరుకులున్నాయి కదా అనుకున్నాం. మర్నాడు రాజ్మా, శనగలు, బొబ్బర్లు ఒక పళ్లెంలో కలిపి, వేరుచేసే ఆట పెట్టాం. వేళ్లు తిరిగితే ముద్ద దానంతట అదే వస్తుందని మా జోడీ చెప్పింది. మేము అటు తిరిగి నీళ్లు తాగి ఇటు తిరిగేసరికి ఆట అయిపోయింది. ఆడింది అవ్వ. చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చకచకా మూడు కుప్పలు వేసేసింది. చూపు లేదు కాబట్టి మూడు కుప్పల్లోనూ మూడు రకాలూ ఉన్నాయి.

"అయిపాయె బాయీ! ఇంకేమన్న ఉన్నదా, ఇయ్యి, అది కూడ జేస్త" అంది గర్వంగా. మా జోడీ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టింది. ఆ పిల్లను నేను చూసిన చూపుకు గ్యాలరీలో ఆరేసిన బట్టలు ఆరిపోయాయి.

చివరికి ఒక మధ్యాహ్నం అవ్వను బతిమాలాను. "ఒక్క పూట, చేతులు కింద పెట్టుకుని వాటి మీద కూర్చో. చిన్నది తింటదో లేదో చూద్దాం." అవ్వ కూర్చుంది. చిన్నదాని ముందు పళ్లెం, పప్పన్నం. చిన్నది అన్నాన్ని చూసింది, అవ్వను చూసింది, నోరు తెరిచి కూర్చుంది. ఆ నోరు అలాగే తెరిచి ఉంది. ఈగ ఒకటి వచ్చి గడప దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. అవ్వ ఖాళీ నోటితోనే నమిలింది, మింగింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత ఎవరిదో చెయ్యి పళ్లెంలోకి వెళ్లి, ముద్ద చేసి, చిన్నదాని నోట్లో పెట్టింది. చూస్తే ఆ చెయ్యి నాదే.

"తాయీ!" అంది మా జోడీ. అప్పుడు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మా పెద్ద మేడం ఇదంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మరాఠీలో చాలా మెత్తగా, ఆ ఇల్లు వదిలేయమంది. తల్లులను మార్చవచ్చట, నానమ్మలను మార్చడానికి ఏ ట్రస్టు దగ్గరా నిధుల్లేవట. నేను సరేనన్నాను. కానీ గ్యాలరీలో డ్రమ్ము చాటున విన్న గొంతు చెవిలో అలాగే ఉండిపోయింది. మేడంకు సరేననడం ఒక పని, కోడలికి ముఖం చూపించడం ఇంకో పని.

అంతలో దసరా వచ్చింది. పని మీద కాదు, పండక్కి రమ్మని తాత కబురు పెట్టాడు. కామాటిపుర అంతా బంతిపూల దండలు. పండగకు ఊరి నుంచి వచ్చినవాళ్లు, ఊరికి పోలేనివాళ్లు, అందరూ గ్యాలరీల్లోనే. నేను నిచ్చెనెక్కేసరికి తాత నేల మీద ఎర్రగుడ్డ పరిచాడు. ఒక్కొక్కరే తమ పనిముట్టు తెచ్చి పెడుతున్నారు. తాత తాపీ, గుండు, రసమట్టం. కొడుకు హెల్మెట్, కటింగ్ ప్లేయర్. కోడలు కత్తెర. అవ్వ రొట్టెల పెనం, అప్పడాల కర్ర. అవ్వ పెనం ముందు మిగతా ఆయుధాలన్నీ చిన్నబోయాయి. నా చేతిలో ఏమీ లేదని తాత నవ్వుతూ, "బాయీ, నువ్వు నీ నోరు పెట్టు" అన్నాడు.

చిన్నది చంకలోంచి అంతా చూస్తోంది.

"నాది?" అంది.

"గవి నీవే గద బిడ్డా" అని అవ్వ దేవుడి అర అనుకుని కిటికీ వైపు చెయ్యి చూపింది.

"గవి బాయివి" అంది చిన్నది. నిజమే. ఒక్కనాడైనా ముట్టుకుంటే కదా తనవయ్యేది.

అప్పుడు చిన్నది అవ్వ చంకలోంచి జారింది. నేను చూశాను. కోడలు చూసింది. నేల మీద దాని రెండు పాదాలు ఆనాయి, నేల ఆశ్చర్యపోయింది. తపతప నడిచి వంటగట్టు కిందికి దూరి, గిన్నెలన్నీ గలగలా లాగి, తన చిన్న స్టీలు పళ్లెం తెచ్చింది. తెచ్చి తాత తాపీ పక్కన పెట్టింది.

గదంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అవ్వ. "దీని పని తినుడే! పెట్టయ్యా, పెట్టు, దీనికి కూడ బొట్టు పెట్టు!" తాత తన చేత్తో కుంకుమ తీసి, మేస్త్రీ కదా, పళ్లెం అంచుకు సరిగ్గా నడిమిన పెట్టాడు. హారతి అయింది. బంగారమని ఆకులు ఇచ్చిపుచ్చుకున్నాం. అన్నాలకు కూర్చున్నాం.

అవ్వ రోజూలాగే చిన్నదాన్ని ఒళ్లోకి లాక్కుని పళ్లెం మీద చెయ్యి వేసింది.

"ఏయ్!" అని కేకేసింది చిన్నది. "హాత్ నకో లావూ! ముట్టకు! బొట్టున్నది!"

అవ్వ చెయ్యి గాల్లోనే ఆగింది. మోరీ గీకిన పక్కింటాయన గడప అవతల తింటున్నాడు, ఆయన నమలడం కూడా ఆగింది.

"నేను అవ్వనే బిడ్డా."

"నీది పెనం" అంది చిన్నది. "గిది నాది."

అవ్వ తాత వైపు తిరిగింది. తాత పైకప్పు దూలంలో ఏదో పగులు కనిపించినట్టు తలెత్తి దీక్షగా చూస్తున్నాడు.

"ఓయ్, చెప్పరాదు దీనికి?"

"నేనేం జెప్త?" అన్నాడు దూలంతో. "కానూను నువ్వు పెట్టిందే నాయె. నీ కానూనుకు భయపడి నేను నా తాపీ కూడ అడిగి తీసుకుంట."

గడప అవతల నుంచి పక్కింటాయన అందుకున్నాడు. చాలా కాలంగా ఎదురుచూస్తున్న మనిషిలా. "అవును పెద్దమ్మా, నేను ముడ్తే లోకం ఆగిపాయె. నువ్వు ముడ్తే?"

అవ్వకు దారి లేదు. చిన్నది ఒళ్లోంచి దిగి, పళ్లెం ముందుకు లాక్కుని, చెయ్యి మణికట్టు దాకా అన్నంలో పెట్టింది. ఆ భోజనాన్ని ఎలా వర్ణించను? కొంత అన్నం నోటికి చేరింది. కొంత జుట్టుకు, కొంత హెల్మెట్‌లోకి, కొంత పక్క చాల్ వాళ్లకు. తాత గుండు దారానికి పప్పు కారింది. ఇన్నాళ్లూ ముద్దను వెతుక్కుంటూ వెళ్లిన ఆ నోటికి, ముద్ద నేరుగా ఎదురొచ్చేసరికి ఏం చేయాలో తోచలేదు, మెడ అలవాటు కొద్దీ అటూ ఇటూ తిరిగింది. చెయ్యి దాన్ని వెంటాడి పట్టుకుంది. కోడలు చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

అవ్వ మాత్రం నవ్వలేదు. ఖాళీగా ఉన్న కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఆ చేతి వైపే తల వంచింది. తర్వాత మెల్లగా, ఎవరినీ అడగనట్టుగా అంది.

"ఇగ నా పనేంది?"

ట్రైనింగ్‌లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తాత దూలం మీది నుంచి చూపు దించాడు. తన ఆకులోని మిఠాయి ముక్క అవ్వ ఆకులో పెట్టాడు.

"దవాఖానకు పోవుడు" అన్నాడు. "కండ్లొచ్చినంక అది ఎట్ల తింటున్నదో మంచిగ చూద్దువు తీయ్."

అవ్వ మిఠాయి తింది. ఆ ఇంట్లో దాన్నే సంతకం అంటారు.

దసరా వెళ్లాక ఆ ఇంట్లో ఏం జరిగిందో కూడా వినండి. చిన్నదానికి అధికారం రుచి తెలిసింది. చెప్పులకు బొట్టు. బ్రష్షుకు బొట్టు. స్నానాల మగ్గుకు బొట్టు. బొట్టున్నదాన్ని ఎవరూ ముట్టరాదు కాబట్టి చెప్పులు తనే వేసుకోవాలి, పళ్లెం తనే కడుక్కోవాలి. పళ్లెం కడిగిన నీళ్లకు కింద అంతస్తువాళ్లు వర్షాకాలం తిరిగొచ్చిందని బట్టలు లోపలికి తీసుకున్నారు. నిచ్చెన తాడుకు కూడా బొట్టు పెట్టి, అది తనదేనని ప్రకటించింది. దాంతో కొన్నాళ్లు చాల్ అంతా నాలుగేళ్ల పిల్లను అనుమతి అడిగి మెట్లు దిగింది.

దేవుడి అరలోని బొమ్మలనూ వదల్లేదు. "నాకు పనొచ్చింది" అని తాత ముందు చెయ్యి చాపింది. తాత కిక్కురుమనకుండా దిమ్మెలు దించి ఇచ్చాడు. చిన్నది ఒకదాని మీద ఒకటి పెట్టి మేడ కట్టింది. వంకర అంటే అలాంటిలాంటి వంకర కాదు. తాత చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగాడు, చెమటలు కక్కాడు, "జెర ఎడమకు బిడ్డా, జెర..." అని గొణిగాడు. ముట్టడానికి వీల్లేదు. బొట్టుంది. బతుకంతా నిలువు గోడలు కట్టిన మనిషి ఆ వంకర మేడ ముందు కూర్చుని, అది ఎందుకు పడిపోవడం లేదా అని రోజంతా ఆలోచించాడు.

మా పెద్ద మేడం సంగతి చెబితే మీరు నమ్మరు. ఇల్లు వదిలేయమన్న మనిషే ఇది కొత్త పద్ధతి అంది, అన్ని ఇళ్లలోనూ పెడదామంది. సరేనని పక్క గల్లీలో ఒక ఇంట్లో ప్రయత్నించాం. ఆ ఇంటి పిల్లాడు కుంకుమ తీసుకుని నేరుగా వెళ్లి వాళ్లమ్మ మొబైల్‌కు పెట్టాడు. ఆవిడ మమ్మల్ని మెట్ల దాకా సాగనంపింది. ప్రేమతో కాదు. అక్కడివాళ్లు మేస్త్రీలు కారు, పనిముట్టు మాట అక్కడ ఎవరికీ పట్టదు. కాబట్టి పిల్లలూ, మీరు కుంకుమ డబ్బా సంచిలో వేసుకుని బయలుదేరకండి. ఏ ఇంటి చట్టం ఏమిటో ముందు కూర్చుని వినండి, చాయ్ ఇస్తే తాగండి. చట్టం పెట్టినవాళ్లు చాలాసార్లు చంకలోనే పిల్లను పెట్టుకుని ఉంటారు.

అవ్వకు ఒక కన్ను ఆపరేషన్ అయింది. నా రాజీనామా కూడా అప్పుడే అయింది. ఒకరోజు మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. నిచ్చెన ఎక్కడానికి ముందు చిన్నదాన్ని అనుమతి అడిగాను. ఇచ్చింది.

అవ్వ గ్యాలరీలో గోడకు ఆనుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గల్లీకంతా పోలీసు అధికారిలా కూర్చుంది. "దా బాయీ! నువ్వు ఇంత తెల్లగున్నవని నాకు ఎన్నడు తెల్వకపాయె. ఆ జుట్టుకు ఏమన్న రంగేస్కోరాదు?" అంది. చూపు బాగానే వచ్చిందని అర్థమయింది.

చిన్నది లోపల్నుంచి బొట్టు పళ్లెంలో పెరుగన్నం తెచ్చుకుని అవ్వ ముందు కూర్చుంది. ఒక ముద్ద తను తింది. ఇంకో ముద్ద చేసి చెయ్యెత్తింది. అవ్వ చేతులు ఒళ్లో హాయిగా ముడుచుకుని నోరు తెరిచింది.

ఇన్నేళ్ల ఉద్యోగం నాలుక చివర ఉంటుంది కదా, ఆగలేకపోయాను. "అవ్వా, ఆపరేషన్ కంటికి గదా అయింది, చేతులకు కాదు గదా. నువ్వే తినొచ్చు గద!"

"పళ్లెం దానిది. నేనెట్ల ముడ్త?" అంది అవ్వ, నేనేదో చట్టవిరుద్ధమైన మాట అన్నట్టు. "అయినా నువ్వు రిటైరైనవంట గద. గమ్మున కూసో."

కూర్చున్నాను. చిన్నది ముద్దను గట్టిగా పట్టుకుని, నాలుక బయటపెట్టి, గురి చూసి బయలుదేరింది. ముద్ద నోటికని వెళ్లి, దారిలో మనసు మార్చుకుని చెవి వైపు తిరిగింది. నల్లకళ్లద్దాల వెనక అవ్వకు అంతా స్పష్టంగా కనపడుతూనే ఉంది.

అవ్వ నోరు కూడా అటే తిరిగింది.